తిండిపోతు పిల్లి, ముక్కుమీద కోపం

తెల్లవారుజామున నాలుగున్నరకు గుండెల మీదెక్కి పంజాతో చెంప తట్టేదీ, గిన్నె నిండేదాకా కాళ్లకు అడ్డం పడి నిండిన మరుక్షణం మనమెవరో తెలియనట్టు మొహం తిప్పుకునేదీ, రెండుసార్లు నిమిరించుకుని మూడోసారి కసుక్కున కొరికేదీ సాధారణంగా ఒకే పిల్లి. దాని కోపాన్ని ఒక సమస్యగా, తిండి యావను మరో సమస్యగా చూసినంతకాలం రెండూ తగ్గవు. చాలా ఇళ్లలో రెండింటికీ వేరు ఒక్కటే. తిండి ఎప్పుడు, ఎంత, ఎవరి చేతి నుంచి వస్తుందో పిల్లికి లెక్క అందదు. అరిస్తే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎంతసేపు అరిస్తే వస్తుందో తెలియదు కాబట్టి అరుస్తూనే ఉంటుంది, రాకపోతే విసుక్కుంటుంది.

ఇక్కడ రాసేది ఇంట్లోనే ఉండే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఏడాది దాటిన పిల్లుల గురించి. కూనల లెక్క వేరు. ఎదిగే కూనకు కడుపునిండా పెట్టాల్సిందే.

తిండి తగ్గించే ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించాలి. బాగా తింటూ బరువు తగ్గిపోతున్న పిల్లిని తిండిపోతు అనుకోవద్దు, దానికి జబ్బు ఉన్నట్టే లెక్క. పదేళ్లు దాటిన పిల్లికి ఉన్నట్టుండి ఆకలి పెరిగి, రాత్రుళ్లు అరుస్తూ, నిలకడ లేకుండా తిరుగుతూ, అయినదానికీ కానిదానికీ మీదపడుతోందంటే మొదట అనుమానించాల్సింది థైరాయిడ్ ఎక్కువ కావడాన్ని. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను కొలిచే టోటల్ టీ4 పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. నీళ్లు విపరీతంగా తాగుతూ, లిట్టర్ ట్రేలో (పిల్లి మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే పళ్లెం) మూత్రం ముద్దలు మునుపటికంటే పెద్దవిగా కనిపిస్తే మధుమేహం కావచ్చు. లావెక్కిన మగపిల్లుల్లో ఇది ఎక్కువ. తోక కింద వెంట్రుకలకు ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగులు. ఒంటి మీద గెంతే ఫ్లీలను నాకి మింగడం వల్ల వస్తాయి కాబట్టి పురుగుల మాత్ర ఒక్కటే వేసి ఫ్లీలను వదిలేస్తే మళ్లీ వస్తాయి. దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి ఉంటే ఆ తర్వాత కొన్ని వారాలు ఆకలి పెరగడం మందు వల్లే.

కోపానికీ ఇదే వర్తిస్తుంది. ఎక్కడ ముట్టుకున్నా ఊరుకునే పిల్లి నడుము దగ్గర చెయ్యి వేస్తే మాత్రం బుస్సుమంటే అక్కడ నొప్పి ఉందని అర్థం. ముసలి పిల్లుల్లో కీళ్లవాతం చాలా సాధారణం, కానీ అవి చాలావరకు కుంటవు. సోఫా ఎక్కడం మానేస్తాయి, వీపు నాక్కోవడం తగ్గిస్తాయి, మనం ఎత్తుకోబోతే కొరుకుతాయి. చిగుళ్లు ఎర్రబడిన పిల్లి తిండి కావాలని గోల చేస్తుంది, గిన్నె ముందు కూర్చుని రెండు డ్రై ఫుడ్ పలుకులు నమిలి గుర్రుమని వెళ్లిపోతుంది. మనకది పొగరులా కనిపిస్తుంది. చిన్న ఊళ్లలో గేదెలకు అలవాటుపడిన పశువుల ఆసుపత్రిలో పిల్లి నోరు తెరిచి చూసే ఓపిక దొరకకపోవచ్చు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు అందుబాటులో ఉంటే ఒకసారి వెళ్లడం మేలు. నొప్పి అని తెలిసినా ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వెయ్యొద్దు. మనుషుల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి చచ్చిపోవడానికి.

జబ్బేమీ లేదని తేలాక లెక్కలోకి వద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి పిల్లి ఉండాల్సిన బరువును మూడుసార్లు వేసి గుణించండి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి, వచ్చినదాన్ని 70తో గుణించండి. 4 కిలోల పిల్లికి 4×4×4 అంటే 64. వర్గమూలం 8, మళ్లీ వర్గమూలం 2.83, 70తో గుణిస్తే 198. కదలకుండా పడుకున్నా ఆ ఒంటికి రోజుకు కావలసిన కేలరీలు అవి. ఆపరేషన్ అయి మామూలుగా తిరిగే పిల్లికి దీన్ని 1.2తో గుణించాలి, అంటే సుమారు 240. బరువు తగ్గాల్సిన పిల్లికి, తగ్గాక ఉండాల్సిన బరువుతో ఈ లెక్క వేసి 0.8తో గుణించాలి. 5.6 కిలోలుండి 4.5కు రావలసిన పిల్లి అయితే 216 వస్తుంది, దానికి 0.8 వంతు 173.

173 కేలరీలంటే ఎంత తిండి? డ్రై ఫుడ్ సంచి వెనక వంద గ్రాములకు ఎన్ని కేలరీలో చూడాలి. చాలావాటిలో 350 నుంచి 400 మధ్య ఉంటాయి. 380 అనుకుంటే రోజు మొత్తానికి 45 గ్రాములు. మళ్లీ చదవండి: రోజు మొత్తానికి. అది గుప్పెడు. చాలా ఇళ్లలో పొద్దున ఒక్కపూటే అంత పడుతోంది. అందులో ఒక 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్ కలపాలనుకుంటే, అది సుమారు 75 కేలరీలు కాబట్టి డ్రై ఫుడ్ 26 గ్రాములకు తగ్గాలి. సంచి మీద అచ్చువేసిన పట్టికలో దీనికంటే ఎక్కువే కనిపించవచ్చు. బద్ధకంగా బతికే అపార్ట్‌మెంట్ పిల్లికి ఆ అంకె తరచూ ఎక్కువవుతుంది. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన శక్తి దాదాపు పాతిక శాతం తగ్గుతుంది, అదే సమయంలో ఆకలి పెరుగుతుంది. సగం లావు అక్కడే మొదలవుతుంది.

కప్పుతో కొలవొద్దు. గ్రాముల వరకు చూపే వంటింటి డిజిటల్ కాటా కావాలి. 45 గ్రాముల తిండిలో 5 గ్రాములు ఎక్కువ పడ్డా అది తొమ్మిదో వంతు, కప్పుతో ఆ తేడా కంటికి ఆనదు.

అసలు చిక్కు కొలతలో కన్నా ఇంట్లో మనుషుల్లో ఉంటుంది. అమ్మ పొద్దున్నే పెడుతుంది, పిల్లలు స్కూలుకెళ్తూ నాలుగు పలుకులు వేస్తారు, నానమ్మ "పాపం, ఆకలేస్తున్నట్టుంది" అని మీగడ వేలితో నాకిస్తుంది, పనిమనిషి వచ్చేసరికి గిన్నె ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి ఆవిడా పెడుతుంది. పిల్లి మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా ఆ రోజు మొదటి ముద్ద అన్నట్టే నటిస్తుంది. దీనికి పనిచేసే ఉపాయం ఒకటే. పొద్దున ఒక్కరే కాటా మీద ఆ రోజు తిండి మొత్తం తూచి చిన్న స్టీలు డబ్బాలో పోసి పెట్టాలి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే. బుజ్జగించడానికి వేసేదీ, గోళ్లు తీశాక ఇచ్చే లంచమూ అందులోంచే. డబ్బా ఖాళీ అయితే రేపు పొద్దున దాకా ఏమీ లేదు. నానమ్మలతో వాదించనక్కర్లేదు, డబ్బా వాళ్ల చేతికే ఇస్తే చాలు. పెట్టే సంతోషం వాళ్లకు మిగులుతుంది, ఎక్కువ పెట్టే దారి మూసుకుపోతుంది.

ఆ 45 గ్రాములను రెండు పూటలుగా పెడితే పిల్లి రోజంతా తిండి గురించే ఆలోచిస్తుంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 కేలరీలు. బయట బతికే పిల్లి రోజుకు ఎనిమిదో పదో అలాంటివి వేటాడి, కొంచెం కొంచెంగా చాలాసార్లు తింటుంది. దాని కడుపు ఆ పద్ధతికే అమరింది. అందుకని కనీసం నాలుగైదు పూటలు చేయాలి: తెల్లవారి 8 గ్రాములు, ఎనిమిదింటికి 8, మధ్యాహ్నం 7, సాయంత్రం 8, పడుకునే ముందు 14. చివరిది కావాలనే పెద్దది.

ఇప్పుడు ఆ నాలుగున్నర సంగతి. పిల్లులకు సహజంగానే హుషారు సంధ్యవేళల్లో, తెల్లవారుజామున ఎక్కువ. లేవడం దాని తప్పు కాదు. మనం కళ్లు తెరిచి వంటింటి వైపు నడవడం మాత్రం అది నేర్చుకున్న విద్య. దీన్ని రెండు వైపుల నుంచి విడగొట్టాలి. రాత్రి పది దాటాక పదిహేను నిమిషాలు ఈకలు కట్టిన కర్రతో పరిగెత్తించాలి. ఆడించేటప్పుడు ఈక పిల్లి మీదికి రాకూడదు, దూరంగా పారిపోవాలి, మంచం కింద దాక్కోవాలి, చివరికి దొరకాలి. దొరికిన వెంటనే ఆ 14 గ్రాములు. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: ఈ వరుస పిల్లి ఒంట్లోనే ఉంది, మనం దాన్ని మన నిద్రవేళకు జరుపుతున్నాం అంతే. లేజర్ లైటు ఒక్కదానితో ఆడిస్తే చివర పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఆ చిరాకు మన కాళ్ల మీద తీరుతుంది.

రెండో వైపు, తెల్లవారి తిండి మన చేతి నుంచి రాకూడదు. టైమర్ ఉన్న ఫీడర్ కొని, పిల్లి ఇప్పుడు లేపే వేళకంటే పావుగంట ముందుకు పెట్టండి. నాలుగుంపావుకు మర తిండి పడేస్తే నాలుగున్నరకు మనల్ని లేపాల్సిన పని దానికి ఉండదు. వారం గడిచాక ప్రతి మూడు రోజులకు పది నిమిషాలు వెనక్కి జరుపుతూ ఆరింటికి తేవచ్చు. ఫీడర్ పడగ్గదిలో వద్దు. పిల్లి ఇక దాని ముందు కూర్చుని దాన్నే తిడుతుంది. కరెంటు పోతే ఆగిపోని, బ్యాటరీ కూడా వేసుకునే రకం తీసుకోండి. మూత గట్టిగా బిగుసుకునేదై ఉండాలి, ఎందుకంటే తిండిపోతు పిల్లి మొదటి వారంలోనే దాన్ని పడదోసి చూస్తుంది. గోడ మూలకు ఆనించి, అడుగున రెండువైపులా అంటుకునే టేపు వేస్తే ఆ సరదా తీరుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, ఫీడర్‌లో వారానికి సరిపడా నింపితే పలుకులు మెత్తబడి ముక్కవాసన వస్తాయి. ఒకటి రెండు రోజులకే నింపండి. మిగతాది దాని సంచితో సహా గాలి చొరని డబ్బాలో పెట్టండి. సంచి తీసేసి నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే కొవ్వు గోడలకు పట్టి చెడి, తర్వాత పోసే కొత్త తిండికీ ఆ కంపు అంటుకుంటుంది.

ఫీడర్ పెట్టాక కూడా మొదటి వారం, పది రోజులు గోల తగ్గకపోగా పెరుగుతుంది. ఇది కచ్చితంగా జరుగుతుంది, ముందే తెలుసుకుని ఉంటే మంచిది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోయేసరికి పిల్లి దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. తలుపు గీకుతుంది, బల్ల మీది గ్లాసును మెల్లగా అంచుకు జరుపుతుంది. అప్పుడు "ఛీ" అన్నా, దిండు విసిరినా అది దానికి జవాబే. కదలొద్దు. ఎనిమిదో రోజు ఓపిక నశించి లేచి పెట్టారో, ఎనిమిది రోజులు గోల చేస్తే వస్తుందని నేర్పినట్టు. అప్పటికంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

గబగబా మింగి పది నిమిషాల్లో గొట్టంలా చుట్టుకున్న పలుకులు అలాగే కక్కే పిల్లులుంటాయి. దీనికి దుకాణంలో ప్రత్యేకమైన గిన్నెలు దొరుకుతాయి, కానీ ఇడ్లీ ప్లేటు చాలు. గుంటకు నాలుగైదు పలుకుల చొప్పున పంచితే పంజాతో ఏరుకుని తినడానికి సమయం పడుతుంది. పొంగనాల పెనం గుంటలు ఇంకా లోతు కాబట్టి అలవాటయ్యాక దానికి మారవచ్చు. ఆ తర్వాత మెట్టు సీసా. అర లీటరు నీళ్ల సీసాకు కాల్చిన మేకుతో పలుకుకంటే ఒకటిన్నర రెట్లు పెద్దవిగా ఎనిమిది, పది బెజ్జాలు పెట్టి, అంచులు గరుకుకాగితంతో రుద్ది, లోపల పలుకులు వేసి దొర్లించాలి. మొదటి రోజే రెండే బెజ్జాలు పెడితే పిల్లి విసిగి వదిలేస్తుంది, మళ్లీ దాని జోలికి రాదు. మొదట సులువుగా రాలాలి, తర్వాత ఒక్కో బెజ్జానికి టేపు వేస్తూ పోవాలి.

చీమలు. గిన్నె నేల మీద పెట్టిన ఏ తెలుగింట్లోనైనా ఇది రెండో రోజే ఎదురవుతుంది. చీమల మందు చాక్‌పీసుతో గిన్నె చుట్టూ గీత గీయొద్దు. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ మందులను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు, పంజాకు అంటింది నాకితే వణుకు, మూర్ఛ వస్తాయి. కుక్కల ఒంటికి రాసే పర్మెథ్రిన్ మందు పిల్లికి రాస్తే ప్రాణమే పోవచ్చు. గిన్నెను అంతకంటే వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో పెడితే సరిపోతుంది.

ఏం పెట్టాలన్నది కూడా కోపానికి సంబంధించినదే, ఎందుకంటే కడుపు నిండినా ఒంటికి అందని పిల్లి అడుగుతూనే ఉంటుంది. పిల్లి మాంసం మీదే బతకాల్సిన జంతువు. పెరుగన్నం, పాలన్నం విషం కావు, ఉత్త కడుపునింపుడు. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. తీపి రుచి పిల్లి నాలుకకు తెలియనే తెలియదని 2005లో జన్యువుల స్థాయిలో తేలింది. పాయసం కోసం ఎగబడేది అందులోని నెయ్యి కోసమే. టారిన్ అనే పదార్థం మాంసంలో ఉంటుంది, పిల్లి తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. అది కొరవడితే గుండె కండరం సాగిపోతుందని 1987లో తేలాక తయారీదారులు పిల్లుల తిండిలో దాన్ని పెంచారు. కుక్కల ఫుడ్ చవకని పిల్లికి పెడితే నష్టం ఇక్కడే. ఇంట్లో మాంసం వండని వాళ్లకు ప్యాకెట్ తిండి ఎంతో వీలు. కొనేటప్పుడు అది సంపూర్ణ ఆహారమా, పక్కన పెట్టే చిరుతిండా అన్నది సంచి మీద చూసుకోవాలి.

ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టే ఇళ్లలో ఇంకో చిక్కు. మెత్తటి మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు. కూనలకు అదే పెడితే ఎముకలు పెళుసై, చిన్న గెంతుకే విరుగుతాయి. కార్జం వాసనకు పిచ్చెక్కుతుంది కదా అని రోజూ పెడితే విటమిన్ ఏ పేరుకుని నెలలు గడిచేసరికి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. పచ్చి చేపలు చాలా రకాల్లో బీ1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఎండు నెత్తళ్లు ఉప్పు కొండలు. రోజు కేలరీల్లో పదో వంతు మించకుండా ఉడికించిన చికెన్‌గానీ ముల్లు తీసిన చేపగానీ పెట్టవచ్చు, ఉప్పు, పసుపు, మసాలా లేకుండా. కూరలోంచి తీసిన ముక్క కడిగినా లాభం లేదు. ఉల్లి, వెల్లుల్లి రసం అందులోకి దిగిపోయి ఉంటుంది, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

వెట్ ఫుడ్ గురించి ఒక మాట. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్లే. అంటే అవే కేలరీలకు గిన్నెలో ఎక్కువ పరిమాణం కనిపిస్తుంది, కడుపూ నిండుతుంది. రోజులో ఒక పూటైనా అది ఉంటే గోల తగ్గడం తెలుస్తుంది. మగపిల్లులకు ఇది మరీ అవసరం. నీళ్లు తక్కువ తాగే లావు మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయే ప్రమాదం ఉంది. ట్రేలోకి పదేపదే వెళ్లి ముక్కుతూ చుక్క రాకుండా అరుస్తుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టొద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి. రేపటిదాకా ఆగితే కిడ్నీలు పోతాయి. ఎండాకాలం వెట్ ఫుడ్ అరగంటకు మించి బయట ఉంచొద్దు. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు గిన్నెను వేడినీళ్లలో నిలిపి గోరువెచ్చగా చేసి పెట్టండి. చల్లటిది వాసన రాదు, వాసన రానిది పిల్లి ముట్టదు.

బరువు తగ్గించడంలో తొందర పనికిరాదు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే బాగా తగ్గినట్టు. 5.6 కిలోల పిల్లికి వారానికి 56 గ్రాములు, 4.5కు రావడానికి అయిదు నెలలకు పైనే. మనిషి ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కి తీసేసే పద్ధతిలో ఇంత చిన్న తేడా తెలియదు. సూట్‌కేసులు తూచే చేతి డిజిటల్ తూకానికి పిల్లిని పెట్టిన బుట్ట తగిలించి, బుట్ట బరువు తీసేయండి. పక్కటెముకలు నొక్కి చూడటం ఇంకో కొలత. మన చేతి వెనకవైపు వేళ్ల ఎముకలు తగిలినంత సులువుగా పక్కటెముకలు తగలాలి. లావు పిల్లి పూర్తిగా తినడం మానేయడం ఆకలికంటే ప్రమాదం. రెండు మూడు రోజులు ఖాళీ కడుపుతో ఉంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి దాన్ని మూసేస్తుంది. కొత్త రకం తిండి పెట్టి, "ఆకలేస్తే అదే తింటుంది" అని పంతం పట్టడం కుక్క దగ్గర చెల్లుతుంది, పిల్లి దగ్గర కాదు. వారం, పది రోజులు పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ మార్చాలి.

వంటిల్లు యుద్ధభూమి. పిల్లి గట్టు ఎక్కకుండా తిట్టి మాన్పించిన ఇల్లు లేదు. తిట్టే మనిషి లేనప్పుడు ఎక్కుతుంది, అంతే. ఎక్కితే ఏమీ దొరకకపోవడం ఒక్కటే మందు. చికెన్ షాపు కవరు, ఖాళీ పాల ప్యాకెట్, వండిన ఎముకలు కాలితో నొక్కే మూత చెత్తబుట్టలో పడాలి, ఆ బుట్ట తలుపున్న అరలో ఉండాలి. చేపలు కోసే రోజు పిల్లిని వేరే గదిలో ఆ పలుకుల సీసా ఇచ్చి మూసేయండి. ముల్లుకంటే భయపడాల్సింది దారానికి. మల్లెపూల దారం, కొత్తిమీర కట్టకు చుట్టిన దారం, మిఠాయి డబ్బా రిబ్బను, సంక్రాంతి మాంజా. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికే తిరిగి ఉంటాయి, నోట్లో పడిన దారాన్ని మింగడమే తప్ప ఉమ్మడం రాదు. నోటి నుంచో వెనక నుంచో దారం కొస వేలాడుతుంటే లాగొద్దు, పేగులు కోసుకుపోతాయి. అలాగే తీసుకెళ్లండి.

ఇక కోపం. తిండి గాడిలో పడ్డాక సగం చల్లారుతుంది, మిగిలిన సగం మనం దాని ఒంటి భాష చదవకపోవడం వల్ల. కొరికే ముందు పిల్లి నాలుగైదుసార్లు చెబుతుంది. మొదట తోక కొస మాత్రమే టపటపలాడుతుంది. కుక్క తోక అనుకుని మురిసిపోయేది ఇక్కడే. తర్వాత వీపు చర్మం అలలా వణుకుతుంది, చెవులు పక్కలకు తిరుగుతాయి, గురగుర ఆగిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, తల చేతివైపు గబుక్కున తిరుగుతుంది. ఆ తర్వాత పళ్లు. మొదటి గుర్తుకే చెయ్యి తీసేస్తే చివరిదాకా వెళ్లాల్సిన అవసరం దానికి రాదు. గుర్రుమన్నందుకు కొడితే మరుసటిసారి గుర్రుమనకుండా నేరుగా కొరకడం నేర్చుకుంటుంది, ఏ రకంగా చూసినా నష్టమే.

నిమరడానికి చోట్లు మూడే: చెంపలు, గడ్డం కింద, చెవుల మధ్య. పొట్ట చూపిస్తూ పడుకోవడం నమ్మకానికి గుర్తు, ముట్టుకోమని పిలుపు కాదు. చూపుడు వేలు ముక్కు ఎత్తులో చాచి ఆగండి. అది వచ్చి చెంప రుద్దితే మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ తల తెచ్చి ఆనిస్తే ఇంకో మూడు సెకన్లు, తేకపోతే అక్కడికి ఆపేయాలి. ఇలా రెండు వారాలు చేస్తే చాలా పిల్లులు తామే వచ్చి అడుగుతాయి. తింటున్నప్పుడు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. గిన్నె మీద గుర్రుమనే పిల్లి దగ్గర గిన్నె లాక్కుని "ఎవరిదో తెలుసుకో" అనే వీరత్వం పనికిరాదు, అది భయాన్ని నిజం చేస్తుంది. దూరం నుంచి గిన్నెలోకి ఒక చికెన్ తునక విసిరి వెళ్లిపోండి. మనిషి వస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి కొన్నాళ్లలో తెలుస్తుంది. రెండు పిల్లులుంటే ఒకటి తినేటప్పుడు ఇంకొకటి కంటికి కనిపించకూడదు, వేర్వేరు గదుల్లో పెట్టాలి.

ఏ కారణం లేకుండా మీదపడిందని చెప్పేవాటిలో ఎక్కువభాగం కిటికీ కథలు. సన్‌షేడ్ మీదికి వీధి గండుపిల్లి వస్తుంది, మన పిల్లి అద్దం వెనక ఉబ్బిపోయి అరుస్తుంది, దాన్ని అందుకోలేదు. ఆ సమయంలో ఓదార్చబోయిన చెయ్యి దానికి ఆ గండుపిల్లిలాగే కనిపిస్తుంది. ఎత్తుకోవద్దు, పేరు పెట్టి పిలవొద్దు. పెద్ద దుప్పటి అడ్డంగా పట్టుకుని చీకటి గదిలోకి తోలి, నీళ్లు, ట్రే పెట్టి తలుపు వేసేయండి. చల్లారడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజంతా. తర్వాత ఆ కిటికీ కింది భాగానికి మసక కాగితం అంటించండి. దీపావళి టపాసులకూ ఇదే పద్ధతి.

పళ్లు దిగబడితే చెయ్యి లాక్కోవద్దు, చీరుకుపోతుంది. కదలకుండా ఒక్క క్షణం ఆగితే పట్టు వదులుతుంది. తర్వాత కొళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం వద్దు. పిల్లి పళ్లు సన్నగా, లోతుగా దిగుతాయి. పైన చుక్కలా కనిపించి, మర్నాటికి వేలు వాచిపోతుంది, కీలు దగ్గరైతే మరీ ప్రమాదం. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మనింటి పిల్లే కదా అని రేబిస్ టీకా వాయిదా వేయొద్దు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో. పిల్లికి మూడు నెలల వయసు నుంచి యాంటీ రేబిస్, ఆ తర్వాత ఏటా.

ఆసుపత్రికి తీసుకెళ్లే బుట్ట అటక మీద దాచి ఆ రోజే దించితే పిల్లి మంచం కిందికి పోతుంది. పైన మూత తెరుచుకునే రకం కొని, తలుపు తీసి హాల్లో ఎప్పుడూ ఉంచండి. రోజులో ఒక పూట తిండి అందులోనే. తిండిపోతుతనం మనకు పనికొచ్చే చోటు ఇదొక్కటే. గోళ్లూ అంతే: తిన్నాక మగతగా ఉన్నప్పుడు, రోజుకు ఒక పాదం, లోపలి గులాబీ రంగు భాగానికి దూరంగా కొస మాత్రమే, ప్రతి గోరుకూ డబ్బాలోంచి ఒక పలుకు.

పండక్కి ఊరెళ్తే పిల్లిని వెంట తీసుకెళ్లడంకంటే ఇంట్లోనే ఉంచి, రోజుకు రెండుసార్లు వచ్చి చూసే మనిషిని పెట్టుకోవడం మంచిది. వెళ్లే ముందు ఎన్ని రోజులో అన్ని చిన్న డబ్బాలు తూచి, మీద తేదీలు రాసి వరుసగా పేర్చండి. పక్కనే ఒక చీటీ: ఏ డబ్బా ఏ రోజు, డాక్టరు నంబరు, ఒక రోజంతా తినకపోతే ఫోన్ చెయ్యండి, రెండో రోజూ తినకపోతే ఫోన్ కోసం ఆగకుండా తీసుకెళ్లండి. చీటీ చివర పెద్దక్షరాలతో ఇంకో మాట రాయాలి: అది ఎంత ఏడ్చినా రేపటి డబ్బా ఈ రోజు తెరవొద్దు.